మెదడు మారదని ఎవరన్నారు?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)



ఇవాళ నేను మాట్లాడబోయేది మెదడు గురించి. నవ్వకండి. పదో తరగతితో చదువాపేసి, పెళ్ళి చేసుకుని, ఇన్నేళ్ళుగా వంటిల్లూ పిల్లలూ చూసుకుంటూ వచ్చిన దానికి మెదడు చరిత్రతో పనేమిటని మా వారే అడిగేరు. పని వుంది. అదేమిటో చెప్పాలంటే ముందు మా మావయ్య సంగతి చెప్పాలి.

మా అమ్మకి ఒక్కడే తమ్ముడు. ఇక్కడే విశాఖపట్నం హార్బరులో క్రేను నడిపేవాడు. ఓడలోంచి సరుకు ఎత్తి, గుడ్డు పెట్టినంత నెమ్మదిగా కింద దింపేవాడని తోటివాళ్ళు చెప్పుకునేవారు. అంత నిదానం గల మనిషి. మొదట్లో జీతాల రోజున స్నేహితులతో కలిసి తాగేడు. తర్వాత వారానికోసారి. ఆ తర్వాత పొద్దున్న లేవగానే చెయ్యి వణక్కుండా వుండాలంటే చుక్క పడాల్సిందే అన్నదాకా వచ్చింది. క్రేను మీంచి దింపేసి గోడౌనులో వేసేరు.

ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించేరన్న వార్త వచ్చింది. 1991, 92 నాటి మాట. రోశమ్మ గారి పేరు అప్పుడు వినని ఆడది లేదు. 1993 అక్టోబరు ఒకటి నుంచి సారా బందయింది. 1995 జనవరి 16 నుంచి రాష్ట్రమంతటా సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. దేవుడు మన మొర విన్నాడని మా అమ్మ దీపం పెట్టింది. సంక్రాంతి వెళ్ళగానే మావయ్యని మా ఇంటికి తీసుకొచ్చి, పెరటి గదిలో వుంచి, బయట గొళ్ళెం పెట్టేరు. కిటికీలోంచి అన్నం ఇచ్చేవాళ్ళం. నాలుగు రోజులు ఓర్చుకుంటే పీడ విరగడవుతుందని అందరి నమ్మకం.

మూడో రాత్రి ఆయన గోడతో మాట్లాడ్డం మొదలుపెట్టేడు. చేతుల మీద చీమలు పాకుతున్నాయని దులుపుకున్నాడు. "అప్పా, తలుపు తియ్యి, నీళ్ళొచ్చేస్తున్నాయి" అని అరిచేడు. గాలి సోకిందని ఒకరు, నాటకమని ఒకరు అన్నారు. తెల్లారుజామున ఫిట్సు వచ్చింది. అప్పుడు తలుపు తీసేరు. ఆస్పత్రిలో డాక్టరు గారు అమ్మతో, బాగా అలవాటు పడ్డ మనిషికి మందు లేకుండా ఒక్కసారిగా తాగుడు ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుందని, దానికి వైద్యం వుందని చెప్పేరు. ఆ మాట మాకు అప్పుడే తెలిసింది.

నాలుగు నెలలు బాగానే వున్నాడు. ఒక పెళ్ళిలో మళ్ళీ తాగేడు. అంతే. "వీడింక మారడు" అని మా ఇంట్లో పెద్దవాళ్ళు తీర్పు చెప్పేసేరు. రాకపోకలు తగ్గిపోయేయి. నిషేధం 1997లో సడలించేరు. 1998లో మావయ్య పోయేడు. ఇప్పటికీ అమ్మ ఆ పెరటి గది సంగతి ఎత్తితే కళ్ళొత్తుకుంటుంది. "తాగితాగి చెడిపోయిన బుర్ర మళ్ళీ బాగుపడుతుందా? బాగుపడుతుందని తెలిసుంటే వదిలేసి వుండేదాన్నా?" అని మొన్న వేసవిలో నన్నడిగింది. ఆ ప్రశ్న పట్టుకుని నేను ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్ళేను. మా పక్కింటి అమ్మాయి మెడిసిన్ చదువుతోంది. అర్థంకానివి ఆ పిల్ల విడమరిచి చెప్పింది. అలా తెలిసిందే ఇవాళ మీకు చెప్తున్నాను.

"మారదు" అన్న మాట మా ఇంట్లోదే అనుకున్నాను. కాదుట. ప్రపంచంలో పెద్దపెద్ద శాస్త్రజ్ఞులంతా మెదడు గురించి చాలాకాలం అదే మాట అన్నారుట. స్పెయిను దేశంలో రమోన్ ఇ కహాల్ అనే మహానుభావుడు మెదడులోని నాడీకణాలని సూక్ష్మదర్శినిలో చూసి బొమ్మలు గీసేడు. 1906లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆ బొమ్మలు చూస్తే చలికాలంలో ఆకు రాలిన చెట్టు గుర్తొస్తుంది. ఒక మాను, దాని చుట్టూ చీలికలు చీలికలుగా కొమ్మలు. ఒక కణం కొమ్మలు ఇంకో కణం కొమ్మల్ని అందుకుంటూ కబుర్లు పంపించుకుంటాయి. అయితే పెద్దయ్యాక ఈ దారులు స్థిరపడిపోతాయనీ, పోయినవి తిరిగి రావనీ ఆయన రాసేడు. తర్వాతి తరాలవాళ్ళు అదే పట్టుకున్నారు.

ఆ మాటని తిప్పికొట్టిన వాళ్ళలో ఒక ఇల్లాలు వుంది. పేరు మేరియన్ డైమండ్. 1926లో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో పుట్టింది. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం విభాగంలో పై చదువుకి చేరిన మొదటి ఆడపిల్ల ఆవిడే. 1953లో డాక్టరేటు తీసుకుంది. నలుగురు పిల్లల తల్లి. భర్త వుద్యోగంతో వూళ్ళు మారుతూ, పిల్లల్ని పెంచుకుంటూ, దొరికినచోట పాఠాలు చెప్పుకుంటూ, 1960లో మళ్ళీ బర్క్‌లీకి చేరింది. అక్కడ రోజెన్‌వైగ్, క్రెచ్, బెనెట్ అనే ముగ్గురు ఎలుకలతో పరీక్షలు చేస్తున్నారు. ఈవిడ వెళ్ళి వాళ్ళతో కలిసింది.

పరీక్ష చాలా తేలిక. కొన్ని ఎలుకపిల్లల్ని పెద్ద పంజరంలో తోటివాటితో కలిపి వుంచేరు. ఎక్కడానికి నిచ్చెనలు, తిరగడానికి చక్రాలు, ఆడుకోవడానికి బొమ్మలు ఇచ్చేరు. కొన్నిటిని చిన్న పంజరంలో ఒక్కోదాన్నీ ఒంటరిగా వుంచేరు. తిండీ నీళ్ళూ అందరికీ ఒకటే. కొన్నాళ్ళయ్యాక మెదళ్ళు కోసి చూసేరు. ఆటపాటల్లో పెరిగినవాటి మెదడు పై పొర, ఒంటరిగా పెరిగినవాటి కంటే మందంగా వుంది. తేడా నూటికి ఆరు పాళ్ళు, అంతే. కానీ ఆ ఆరు పాళ్ళు శాస్త్రాన్ని కదిపేసింది. ఎందుకంటే బతికే తీరుని బట్టి మెదడు ఆకారమే మారుతుందని కంటికి కనిపించేలా చూపించడం అదే మొదలు. 1964లో ఆ వ్యాసం అచ్చయింది.

ఆవిడ ఆ సంగతి సభలో చెప్తే, ఒక పెద్దమనిషి లేచి, అమ్మాయీ, మెదడు మారదు అని గట్టిగా అన్నాట్ట. ఒకసారి చేసేం, మళ్ళీ రెండోసారి చేసి చూసుకున్నాం, మారుతుందనే వచ్చింది అని ఆవిడ జవాబు చెప్పిందిట. ఈ వృత్తాంతం ఆవిడే చాలాసార్లు చెప్పుకుంది. ఇది చదివినప్పుడు నాకు మా ఇంటి సావిట్లో కూర్చుని "వీడింక మారడు" అన్న పెద్దవాళ్ళే కళ్ళ ముందు కనిపించేరు. వాళ్ళనీ తప్పుపట్టడానికి లేదు. సభలో వున్న పండితుడికే తెలియని సంగతి వాళ్ళకేం తెలుస్తుంది?

తర్వాత ఆవిడ ముసలి ఎలుకల మీద కూడా పరీక్ష చేసింది. రెండేళ్ళు దాటిన ఎలుకంటే మన లెక్కలో పండు ముసలి. వాటికీ ఆటా తోడూ దొరికితే మెదడు పై పొర పెరిగింది. మెదడు బాగుండాలంటే అయిదు కావాలని ఆవిడ చెప్పేది: మంచి తిండి, ఒంటికి పని, బుర్రకి పని, కొత్తదనం, ప్రేమ. చివరిది సైన్సువాళ్ళు సామాన్యంగా చెప్పే మాట కాదు. చేతిలోకి తీసుకుని నిమిరిన ఎలుకలు ఎక్కువకాలం బతకడం చూసేకే ఆవిడ ఆ మాటని జాబితాలో చేర్చింది. 1985లో ఐన్‌స్టీన్ మెదడు ముక్కలు నాలుగు పరీక్షించి వ్యాసం రాసింది. అవి ఆవిడకి పోస్టులో వచ్చింది పచ్చడి సీసా లాంటి సీసాలో! క్లాసుకి వెళ్ళేటప్పుడు పూల టోపీ పెట్టుకునే డబ్బాలో మనిషి మెదడు పెట్టుకుని వెళ్ళేది. చేతికి తొడుగులేసుకుని దాన్ని తీసి పిల్లలకి చూపించేది. 2017లో తొంభయ్యేళ్ళ వయస్సులో పోయింది.

బాగానే వుంది, మెదడు మారుతుంది. మరి ఆ మార్పు ఎప్పుడూ మంచికేనా? ఇక్కడే వుంది చిక్కు. మెత్తటి మట్టి బొమ్మకీ లొంగుతుంది, బురదకీ లొంగుతుంది.

1954లో కెనడాలో ఓల్డ్స్, మిల్నర్ అనే ఇద్దరు ఎలుక మెదడులో ఒకచోట సన్నని తీగ అమర్చేరు. మీట నొక్కితే ఆ చోట కొద్దిగా కరెంటు తగులుతుంది. ఎలుక ఆ మీటని వదిలిపెట్టలేదు. గంటకి వందలసార్లు నొక్కింది. అంటే మెదడులో "ఇది బావుంది, మళ్ళీ చెయ్యి" అని చెప్పే స్థానం ఒకటి వుందన్నమాట. ఆకలేసినప్పుడు అన్నం తిన్నా, పసిబిడ్డ నవ్వినా పలికేది ఆ దారే. అక్కడ కబురు మోసే పదార్థాల్లో ముఖ్యమైంది డోపమిన్. సారా, గంజాయి, నల్లమందు, కొకైను, ఇవన్నీ ఏదో ఒక విధంగా ఆ దారిలోకే చొరబడతాయి. దేవుడు అన్నానికీ బిడ్డకీ వేసిన దారి మీద దొంగ వచ్చి కాపురం పెట్టినట్టు.

1997లో టెర్రీ రాబిన్సన్, బ్రయన్ కోల్బ్ అనే ఇద్దరు ఎలుకలకి యాంఫెటమిన్ అనే మత్తుమందు కొన్నాళ్ళు ఇచ్చి, ఆపేసి, నెల దాటేక నాడీకణాల కొమ్మల్ని చూసేరు. ఆ దారిలోని కణాలకి కొత్త కొమ్మలూ కొత్త మొగ్గలూ వచ్చేయి. మందు ఆపేసి నెలైనా అవి పోలేదు. మేరియన్ డైమండ్ ఆటబొమ్మలతో ఏ మార్పు తెచ్చిందో, అలాంటి మార్పునే మత్తుమందు వేరేచోట తెచ్చింది. నాలుగు నెలలు ముట్టని మావయ్య ఒక్క పెళ్ళిలో ఎందుకు జారిపోయేడో నాకు అప్పుడు బోధపడింది. ఒంట్లోంచి సారా నాలుగు రోజుల్లో పోతుంది. కొమ్మలు పోవు. దుకాణం మూసినంతలో తలలోని దారి మూసుకుపోదు.

ఇంకో చేదు నిజం కూడా చెప్పాలి. 2003లో అదే శాస్త్రజ్ఞులు, ముందు మత్తుమందు ఇచ్చిన ఎలుకల్ని తర్వాత ఆటబొమ్మల పంజరంలో వుంచేరు. మామూలు ఎలుకలకి పెరిగినట్టు వీటికి కొమ్మలు పెరగలేదు. మంచి అనుభవంలోంచి నేర్చుకునే శక్తినే మత్తు కొంత తినేస్తుందన్నమాట. అందుకే "ఇంత మంచిగా చూసుకుంటున్నాం, అయినా బుద్ధి రాలేదు" అని మనం విసుక్కుంటాం. బుద్ధి లేక కాదు. నేల గట్టిపడిపోయి వుంది. విత్తనం వేసిన మర్నాడే మొలక రాదు.

మరి ఆశ లేదా? వుంది. నోరా వోల్కో అనే డాక్టరు గారు మనుషుల మెదళ్ళని స్కానుల్లో చూసేరు. మెతాంఫెటమిన్ అనే మత్తుకి బానిసలైన వాళ్ళకి డోపమిన్‌ని సర్దే భాగాలు బాగా తగ్గిపోయి కనిపించేయి. అలాంటివాళ్ళలో కొందరు ఏడాది పైగా ముట్టుకోకుండా వుండగలిగేరు. వాళ్ళని మళ్ళీ చూస్తే ఆ భాగాలు చాలావరకూ తిరిగి వచ్చేయి. 2001లో ఈ ఫలితం వెలువడింది. చూసింది కొద్దిమందినే, నిజమే. పోయిందంతా తిరిగి రాలేదు, అదీ నిజమే. కానీ "ఇంక మారదు" అన్నది మాత్రం అబద్ధం అయింది. కావలసింది నాలుగు రోజుల గొళ్ళెం కాదు, ఏడాదీ ఏడాదిన్నరా పట్టే ఓపిక.

చుట్టూ వున్న లోకం మారితే ఏమవుతుందో చెప్పే కథ ఇంకోటుంది. వియత్నాం యుద్ధానికి వెళ్ళిన అమెరికా సిపాయిల్లో అయిదింట ఒకరు అక్కడ హెరాయిన్‌కి అలవాటు పడ్డారు. వీళ్ళంతా ఇంటికొస్తే దేశమేమైపోతుందని ప్రభుత్వం హడలిపోయింది. లీ రాబిన్స్ అనే ఆవిడ 1970లలో వాళ్ళందరి వెంటపడి వివరాలు సేకరించింది. అక్కడ బానిసలైనవాళ్ళలో ఇంటికొచ్చిన మొదటి ఏడాది మళ్ళీ ఆ వ్యసనంలో పడ్డది నూటికి అయిదుగురే. ఆ చోటు పోయింది, ఆ భయం పోయింది, ఆ జతగాళ్ళు పోయేరు. ఇల్లూ వుద్యోగమూ వచ్చేయి. మన మావయ్యలకి అలా కాదు కదా. తాగిన వీధీ అదే, పిలిచే స్నేహితుడూ వాడే, పైగా ఇంట్లో పలకరించేవాళ్ళు కరువు.

ఇదంతా పైదేశాల సంగతి, మనవాళ్ళు లేరా అంటారేమో. వున్నారు. అదీ మన వూరి విశ్వవిద్యాలయం డిగ్రీలతో. విజయలక్ష్మీ రవీంద్రనాథ్ గారని, 1953లో పుట్టేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి బి.ఎస్సి., ఎం.ఎస్సి. పట్టాలు తీసుకుని, 1981లో మైసూరు విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందేరు. అమెరికాలో కొన్నాళ్ళు పనిచేసి వచ్చి, బెంగుళూరులోని నిమ్హాన్స్‌లో చేరేరు. ఆవిడ శరీర నిర్మాణ శాస్త్రం వారు కారు, జీవ రసాయన శాస్త్రం వారు. అయినా వెతికింది మాత్రం మన ప్రశ్నకి దగ్గర్లోనే. మనసు మీద పనిచేసే మందులు మెదడులోకి వెళ్ళేక ఏమవుతాయి?

మనం ఏ మాత్ర మింగినా దాన్ని విరగ్గొట్టి బయటికి పంపే పని లివరుదని అందరికీ తెలుసు. ఆ పనికి లివరులో పి-450 అనే ఎంజైముల జట్టు వుంటుంది. మెదడుకి అలాంటి పని లేదనే ఎక్కువమంది అనుకునేవారు. రోడ్డు ప్రమాదాల్లో పోయినవారి మెదళ్ళని పరీక్షించి, మనిషి మెదడులో కూడా ఆ జట్టు వుందని ఈవిడా, ఆనందతీర్థవరద గారూ, డాక్టర్ ఎస్.కె. శంకర్ గారూ కలిసి 1989లో ప్రకటించేరు. శంకర్ గారు తర్వాత అదే నిమ్హాన్స్‌లో మెదళ్ళని భద్రపరిచే భాండారం నెలకొల్పేరు. అక్కడున్న మెదడు మ్యూజియంలో మామూలు జనం కూడా మనిషి మెదడుని చేత్తో పట్టుకుని చూడవచ్చుట. ఎవరో ఒకరు పోయిన దుఃఖంలో వున్న కుటుంబం ఒప్పుకుంటేనే ఇలాంటి పని సాగుతుంది. ఆ పుణ్యం ఎవరిదో మనకి తెలియదు.

మెదడులో మందు విరిగే తీరు, లివరులో విరిగే తీరు ఒకటి కాదని కూడా విజయలక్ష్మి గారి బృందం చూపించింది. ఉదాహరణకి ఆల్ప్రజోలమ్. ఆందోళనకీ నిద్రపట్టకపోవడానికీ ఇచ్చే మాత్ర. 2002లో వచ్చిన వాళ్ళ వ్యాసం ప్రకారం, ఆ మాత్రని లివరు ఎక్కువగా ఒకవైపుకి విరగ్గొడితే, మెదడు ఇంకోవైపుకి విరగ్గొడుతుంది. మెదడులో తయారయ్యే ఆ రెండో ముక్కకి మత్తు గుణం ఎక్కువ. అంటే రక్తపరీక్షలో కనిపించినదాన్ని బట్టి తల లోపల ఏం జరుగుతోందో పూర్తిగా చెప్పలేం.

ఈ మాట చదివేక నేను పుస్తకం మూసేసి కాసేపు వూరుకున్నాను. ఎందుకంటే మా బీరువాలో చీరల మడతల కింద ఆ మాత్రల షీటు ఒకటుంది.

మా వారిది స్టీలుప్లాంటు వుద్యోగం. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు అంటూ గడియారం ముల్లులా తిరుగుతారు. సీ షిఫ్టు రాత్రుళ్ళు నాకు నిద్ర పట్టేది కాదు. ఫోను మోగితే ప్లాంటులో ఏమైందోనని గుండె దడ. డాక్టరు గారు పది రోజులకి రాసిచ్చేరు. ఆ పది రోజులు ఆరేళ్ళయింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందది. అయినా తెలిసిన మందుల షాపులో అడిగితే ఇచ్చేవారు. అరమాత్ర ఒకటైంది, ఒకటి ఒకటిన్నరైంది. ఒకనాడు షాపు మూసి వుంటే, చెయ్యి వణికింది. మా మావయ్య చెయ్యి గుర్తొచ్చింది. ఆయనది సీసా, నాది మాత్ర. ఆయన్ని వీధంతా చూసింది, నన్ను ఎవరూ చూడలేదు. అంతే తేడా. ఈ సంగతి మైకు ముందు చెప్పనా వద్దా అని వారం రోజులు ఆలోచించేను. వినేవాళ్ళలో చీరల కింద షీటు దాచుకున్నవాళ్ళు నేనొక్కదాన్నే అయివుండనని చెప్తున్నాను.

ఇది విని ఇవాళే మాత్రలు చెత్తబుట్టలో పారేయకండి. చాలాకాలం వాడిన నిద్రమాత్ర హఠాత్తుగా ఆపితే ఫిట్సు రావచ్చు, సారా ఆపితే మావయ్యకి వచ్చినట్టే. డాక్టరుకి వున్నదున్నట్టు చెప్పాలి. వారాలూ నెలలూ తీసుకుని, కొద్దికొద్దిగా తగ్గిస్తారు. నాకు అలాగే తగ్గిస్తున్నారు. కొన్ని రాత్రుళ్ళు కష్టంగానే వుంది. అయినా మావయ్య ఏం పడ్డాడో ఇప్పుడు గ్రహించగలుగుతున్నాను.

విజయలక్ష్మి గారి సంగతి పూర్తి చెయ్యనివ్వండి. మనం అన్నంలో కలుపుకునే పప్పుల మీద కూడా ఆవిడ చూపు పడింది. లంకపప్పు తెలుసుగా, కందిపప్పులో కల్తీ చేస్తారని మన పెద్దవాళ్ళు భయపడేది. అది చాలాకాలం తింటే కాళ్ళు పడిపోయే జబ్బు వస్తుంది. ఆ జబ్బు ఆడవాళ్ళకంటే మగవాళ్ళకే ఎక్కువ. ఎందుకని ఆవిడ బృందం ఆరా తీసింది. ఆ పప్పులోని విషాన్ని తట్టుకునే ఒక రక్షక పదార్థం ఆడ ఎలుకల నాడీకణాల్లో ఎక్కువగా వుంది. స్త్రీలలో వుండే ఈస్ట్రోజెన్ హార్మోను దానికి అండ. పెన్నేరుగడ్డ అని మన ఆయుర్వేదంలో వుంది కదా, అదే అశ్వగంధ. దాని వేరు సారాన్ని మతిమరుపు జబ్బు తెప్పించిన ఎలుకలకి నెల రోజులు పట్టిస్తే జబ్బు గుర్తులు తగ్గేయని 2012లో రాసేరు. చిత్రమేమంటే ఆ మందు పనిచేసింది మెదడులో కాదు, లివరులో. అక్కణ్ణించి మెదడులో పేరుకున్న మష్టు రక్తంలోకి లాగేసింది. అది ఎలుకల్లో సంగతి సుమండీ. రేపు పొద్దున్నే ఇంట్లో ముసలివాళ్ళకి కషాయాలు కాచి పొయ్యకండి.

1996లో ఆవిడకి భట్నాగర్ బహుమతి వచ్చింది. 1999లో హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధనా కేంద్రం ఏర్పడితే దాన్ని నిలబెట్టే బాధ్యత ఆవిడే తీసుకున్నారు. 2009లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకి వెళ్ళేరు. 2010లో పద్మశ్రీ ఇచ్చేరు. తర్వాత అక్కడే మెదడు పరిశోధనకి వేరే కేంద్రం మొదలై, దానికీ ఆవిడే తొలి డైరెక్టరయ్యేరు. ఆ కేంద్రం వారు కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో, నలభై అయిదేళ్ళు దాటిన వాళ్ళని ఏళ్ళ తరబడి గమనిస్తూ ముసలితనంలో మెదడు ఎలా మారుతుందో చూడ్డానికి పూనుకున్నారు. మన సరిహద్దుకి ఆ పక్కనే. బంగారుపాత్రలో పుట్టిన సైన్సు కాదిది. రోడ్డు మీద పోయినవాడి మెదడు, పేదవాడు తిన్న పప్పు, పల్లెటూరి అవ్వ జ్ఞాపకశక్తి, వీటిలోంచి పుట్టిన సైన్సు.

ఇంక వైద్యం సంగతి. దాని వెనకా ఒక ఇల్లాలుంది. మద్రాసులో శాంతీ రంగనాథన్ గారు. ఆవిడ భర్త తాగుడు వల్లే 1979లో పోయేరు. ఏడ్చి వూరుకోకుండా 1980లో ఆయన పేరనే ఒక సంస్థ పెట్టి, తాగుడు ఒక జబ్బనీ, వైద్యం రోగికే కాదు, కుటుంబానికీ జరగాలనీ పనిచేసి చూపించేరు. 1992లో పద్మశ్రీ వచ్చింది. మా మావయ్యకి ఫిట్సు వచ్చేనాటికే పక్క రాష్ట్రంలో ఆ తలుపు తెరిచి పదిహేనేళ్ళయింది. మాకు తెలియలేదు.

ఇవాళ్టికి ఎంతమందికి తెలిసింది? 2019లో ఢిల్లీ ఎయిమ్స్ వారు దేశమంతా లెక్క తీస్తే, మద్యం విషయంలో సాయం కావలసినవాళ్ళు 5 కోట్ల 70 లక్షలమంది తేలేరు. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కడికే ఏదో ఒక వైద్యం అందుతోందిట. మిగిలిన ముప్పై ఏడుగురూ మన పెరటి గదుల్లోనూ మన "ఇంక మారడు"ల్లోనూ వున్నారు. మన ఏజెన్సీ కొండల్లోంచి దిగే గంజాయి సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు రెండు లక్షల కిలోల గంజాయి గుట్టపోసి తగలబెట్టేరు. పంట తగలబడితే సంతోషమే. కానీ దానికి అలవాటు పడ్డ కుర్రాడు మన వీధిలో వున్నాడే, వాణ్ణి తగలబెట్టలేం కదా.

అంచేత నేను కోరేది ఇంతే. ఇంట్లో అలాంటివాళ్ళుంటే గొళ్ళెం పెట్టకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే 14446 అని ప్రభుత్వం వారి నెంబరుంది, డబ్బులు పడవు. ఒకసారి బాగుపడి మళ్ళీ జారితే, అది జబ్బు తిరగబెట్టడమే కానీ నమ్మకద్రోహం కాదు. షుగరు పెరిగితే మళ్ళీ మందు వేయిస్తాం కానీ, రోగిని వెలి వెయ్యం. అలాగని తాగొచ్చి కొట్టేవాణ్ణి భరించమని నేను అనడం లేదు. జబ్బు వేరు, దౌర్జన్యం వేరు. రెండోదానికి చట్టం వుంది, పుట్టిల్లుంది. మనల్ని మనం కాపాడుకున్నాకే ఎదటివాణ్ణి బాగుచెయ్యడం.

ఈ ప్రసంగం రాసుకున్నాక ముందుగా అమ్మకే చదివి వినిపించేను. చివరిదాకా విని, "అయితే ఆ పెళ్ళి తర్వాత కూడా వాడు బాగుపడే వీలుందన్నమాట" అంది. అబద్ధం చెప్పలేకపోయేను. వుండేదేమో అమ్మా, కానీ ఆ సంగతి నీకు చెప్పిన వాళ్ళు లేరు అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మా వీధి చివర గంజాయి కుర్రాడి తల్లి పేరు చెప్పి, "సాయంత్రం ఆవిణ్ణి ఒకసారి రమ్మను, కాఫీ ఇద్దాం. ఆవిడతో ఎవరూ మాట్లాడ్డం లేదుట" అంది.

డెబ్భయ్యారేళ్ళ మా అమ్మే అంత మారింది. ఇంక మెదడు మారదని ఎవరన్నా నేను నమ్మను.